కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు - సరుకు మంచిదైతే సరిపోతుందా?

ఏటా మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవిత విశేషాలు ప్రచురించుకోవడం ఆనవాయితీగా వస్తోంది. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి, కాటన్ దొర గురించి మనం చాలాసార్లు చదువుకున్నాం. ఈసారి సంపాదక వర్గం కూర్చుని ఆలోచించి ఒక యంత్రాల మనిషిని ఎంచుకుంది. అందుకు కారణం లేకపోలేదు. మన హాస్టల్లో పదో తరగతి పూర్తి చేసిన తమ్ముళ్లలో చాలామంది ఐటీఐలో ఫిట్టరు, ఎలక్ట్రీషియను, డీజిల్ మెకానిక్ ట్రేడుల్లో చేరుతున్నారు. పూర్వ విద్యార్థులైన అన్నల్లో కొందరు రాజోలు, మలికిపురం వైపు మోటార్లకు రీవైండింగ్ చేస్తూ కుటుంబాలు పోషించుకుంటున్నారు. వారి ముందుకు వచ్చే యంత్రాలు ఎన్నో రకాలు. రొయ్యల చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్ మోటారు, కొబ్బరి తోటలో గడ్డి కోసే మిషను, చేనుకు మందు కొట్టే పవర్ స్ప్రేయరు, పడవ ఇంజను, చివరికి మన హాస్టల్ బోరు మోటారు వంటివి కూడా. వీటిలో ఒకటి పదేళ్లు నడుస్తుంది, ఇంకొకటి రెండో ఏడాదికే మూలన పడుతుంది. రెండూ షాపులో పక్కపక్కనే ఉంటాయి, రంగు కూడా ఒకటే.

ఎందుకిలా జరుగుతుంది? మంచి సరుకు చేసేవాడు నష్టపోకుండా బతకలేడా? ఈ ప్రశ్న మన అన్నలు కొందరు షాపులో కూర్చుని అడిగిందే. దీనికి జవాబు వెతుకుతూ పోతే మాకు కోయంబత్తూరు జి.డి. నాయుడు గారి జీవితం కనబడింది. ఆయన తెలుగువారు. అయినా మన పాఠ్యపుస్తకాల్లో మాకు ఎక్కడా తగల్లేదు. తమిళనాట మాత్రం ఆయన పేరు తెలియనివారు ఉండరు.

విజయనగర రాజుల కాలంలోనూ, ఆ తర్వాత నాయక రాజుల కాలంలోనూ ఎన్నో తెలుగు కుటుంబాలు దక్షిణానికి తరలివెళ్లి కోయంబత్తూరు, మధురై ప్రాంతాల్లో వ్యవసాయం చేసుకుంటూ స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. అలాంటి ఒక కమ్మ రైతు కుటుంబంలో 1893 మార్చి 23న, కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో దొరస్వామి నాయుడు గారు జన్మించారు. గోపాలస్వామి అనేది తండ్రి గారి పేరు. అక్కడి అలవాటు ప్రకారం అది ముందు చేరి జి.డి. నాయుడు అయింది. చిన్నతనంలోనే తల్లి పోయింది. చదువు అబ్బలేదు. బడిలో మాస్టారి మీద ఇసుక చల్లి పారిపోయాడని అక్కడివారు ఇప్పటికీ చెప్పుకుంటారు. చిన్న తరగతుల్లోనే బడి ముగిసింది, పొలం పని మొదలైంది.

పదహారేళ్ల వయసు ప్రాంతంలో ఒక తెల్ల అధికారి మోటారు సైకిలు మీద వాళ్ల ఊరి వైపు వచ్చాడు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా కదిలే బండిని ఆ కుర్రవాడు చూడడం అదే మొదటిసారి. అక్కడి నుంచి అతనికి వేరే ధ్యాస లేదు. ఇల్లు వదిలి కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వరుగా చేరాడు. టేబుళ్లు తుడిచి, ఫలహారాలు అందించి, జీతంలో మిగిల్చి, చివరికి 300 రూపాయలతో ఆ మోటారు సైకిలునే కొన్నాడని చెబుతారు. కొన్న తర్వాత దాన్ని ఎక్కి తిరగడం కన్నా ముందు చేసిన పని, మొత్తం విప్పేయడం. ప్రతి మరనూ తీసి, మళ్లీ బిగించి, ఏది దేనికోసం ఉందో తెలుసుకున్నాడు. ఆయన మొత్తం ఇంజనీరింగు చదువు ఇదే.

ఇక్కడ మేము ఒక మాట చెప్పాలి. ఇలాంటి కథలు సంచికల్లో వేసేటప్పుడు, పట్టుదల ఉంటే ఎవరైనా ఇంతవారు కావచ్చు అని రాసి ముగిస్తుంటారు. అది సగం నిజం. నాయుడు గారు హోటల్లో ఎంగిలి బల్లలు తుడిచిన మాట నిజమే. కానీ ఆ హోటల్లోకి ఆయనకు ప్రవేశం ఉంది. తిరిగి వెళ్లడానికి వెనుక పొలం ఉంది. ఆ రోజుల్లో మన తాతలకు అలాంటి హోటల్లో గ్లాసు కూడా వేరుగా పెట్టేవారు, వంటింటి గడప దాటనిచ్చేవారు కాదు. నాయుడు గారి తెలివిని తగ్గించడానికి కాదు ఈ మాట. ఆయన ఎక్కడ నుంచి బయలుదేరారో సరిగ్గా తెలిస్తేనే ఎంత దూరం వెళ్లారో తెలుస్తుంది.

మోటారు మెకానిక్కుగా కొంతకాలం, పత్తి వ్యాపారంలో కొంతకాలం గడిచాయి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పత్తిలో బాగానే సంపాదించి, ఇంకా పెద్ద వ్యాపారం చేద్దామని బొంబాయి వెళ్లి అంతా పోగొట్టుకుని తిరిగి వచ్చారు. సరుకు తన చేతిలో లేని వ్యాపారం ఆయనకు అచ్చిరాలేదు. ఆ తర్వాత జీవితంలో ఆయన పెట్టిన వ్యాపారాలన్నీ చేత్తో పట్టుకుని విప్పి బిగించగలిగినవే.

కోయంబత్తూరులో అప్పట్లో స్టేన్స్ అనే ఇంగ్లీషు పారిశ్రామికవేత్త ఉండేవాడు. మిల్లులు, కాఫీ, మోటారు వ్యాపారం అన్నీ ఆయనకు ఉన్నాయి. ఆయన నాయుడు గారి చేతి పనితనం చూసి ఒక బస్సును అప్పు మీద ఇచ్చాడు. 1920లో ఆ ఒక్క బస్సుతో పొళ్లాచ్చి నుంచి పళని వరకు సర్వీసు మొదలైంది. డ్రైవరూ నాయుడు గారే, మెకానిక్కూ ఆయనే. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం. మన అంతర్వేది తీర్థానికి జనం వచ్చినట్లే అక్కడికీ వస్తారు. కనుక బస్సుకు ప్రయాణికుల కొరత లేదు.

బస్సు వ్యాపారంలో ఒక చిక్కుంది, అది ఈ వ్యాసానికి ముఖ్యం. ఆ రోజుల్లో బస్సుల ఛాసిస్‌లు, ఇంజన్లు, విడిభాగాలు అన్నీ ఓడల మీద ఇంగ్లండు నుంచో అమెరికా నుంచో రావాలి. ఒక చిన్న పార్టు పోతే బస్సు షెడ్డులో కూర్చోవాల్సిందే. కూర్చున్న బస్సుకు టిక్కెట్లు తెగవు, అప్పు వడ్డీ మాత్రం ఆగదు. చాలామంది యజమానులు దీనికి కనిపెట్టిన మార్గం, ఏదో ఒకటి అతికించి రోడ్డెక్కించడం. అలా రోడ్డెక్కిన బస్సు దారిలో ఆగేది, ప్రయాణికుడు మర్నాడు ఇంకో బస్సు ఎక్కేవాడు. నాయుడు గారు సొంత వర్క్‌షాపు మీద డబ్బు పెట్టారు. బస్సు పాడయ్యాక బాగుచేయడం కాక, పాడు కాకముందే విప్పి చూడడం, అరిగిన భాగాన్ని అక్కడే తయారు చేసుకోవడం. ఇది బయటికి ఖర్చులా కనబడుతుంది. నిజానికి ఆయన లాభమంతా అక్కడి నుంచే వచ్చిందని మా అభిప్రాయం. 1933 నాటికి యునైటెడ్ మోటార్ సర్వీస్, అంటే యు.ఎం.ఎస్. అనే పేరు కోయంబత్తూరులో స్థిరపడింది. ఒక దశలో సుమారు 280 బస్సులు ఆ పేరు మీద నడిచాయి. వేళకు వచ్చే బస్సు అంటే యు.ఎం.ఎస్. అని పేరు.

ఇప్పుడు మోటారు సంగతికి వద్దాం.

మనం కోనసీమ వాళ్లం. ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని కాలువ తూము తీస్తే నీళ్లు చేలోకి వచ్చేస్తాయి. కోయంబత్తూరు రైతుకు ఆ అదృష్టం లేదు. అక్కడ వాన తక్కువ, బావులు చాలా లోతు. ఎద్దులను కట్టి కపిలతో నీళ్లు తోడుకోవాలి. ఒక ఎకరం తడపడానికి మనిషీ ఎద్దులూ రోజంతా ముందుకూ వెనక్కీ నడవాలి. 1932లో నీలగిరి కొండల్లో పైకారా జల విద్యుత్ కేంద్రం మొదలై, ఆ కరెంటు కోయంబత్తూరుకు దిగింది. దానితో నూలు మిల్లులు పుట్టగొడుగుల్లా లేచాయి. రైతులు కూడా బావి దగ్గరికి కరెంటు తెచ్చుకుని పంపు పెట్టుకుందామని ఆశపడ్డారు. తీగ వచ్చింది, నీరుంది, మధ్యలో మోటారు మాత్రం విదేశాల నుంచి రావాలి. దాని ధర మామూలు రైతు అందుకోలేడు, పాడైతే బాగుచేసే నాథుడు లేడు.

ఈ అవసరం చూసి నాయుడు గారు, డి. బాలసుందరం నాయుడు గారు కలిసి పీలమేడులో పని మొదలుపెట్టి 1937లో ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశారు. మన దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారుగా దీన్నే చెప్పుకుంటారు. బాలసుందరం గారు తర్వాత టెక్స్‌టూల్ కంపెనీ పెట్టి నూలు మిల్లుల యంత్రాలు తయారు చేశారు.

మోటారు నాణ్యత ఎక్కడ ఉంటుందో ఎలక్ట్రీషియన్ ట్రేడు తమ్ముళ్లకు తెలుసు. తెలియని వారి కోసం రెండు మాటలు. మోటారు లోపల పలుచటి ఉక్కు రేకులు వందల కొద్దీ పేర్చి ఉంటాయి, వీటిని స్టాంపింగులు అంటారు. ఆ రేకుల గాళ్లలో ఎనామిల్ పూసిన రాగి తీగ చుడతారు. తిరిగే రోటరుకూ చుట్టూ ఉన్న స్టేటరుకూ మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. రెండు చివరలా బేరింగులు. అంతే. తయారుచేసేవాడు డబ్బు మిగుల్చుకోవాలంటే రాగి తీగ కాస్త సన్నం చేయవచ్చు, నాసిరకం రేకు వాడవచ్చు, వార్నిష్ ఒక పూత తగ్గించవచ్చు, చవక బేరింగు వేయవచ్చు. షాపులో ఆన్ చేసి చూపిస్తే రెండు మోటార్లూ ఒకేలా తిరుగుతాయి. తేడా ఎప్పుడు తెలుస్తుందంటే, మండు వేసవిలో వోల్టేజీ పడిపోయినప్పుడు. వోల్టేజీ తగ్గితే అదే బరువు లాగడానికి మోటారు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, తీగ వేడెక్కుతుంది. తీగలో దమ్ము ఉన్న మోటారు తట్టుకుంటుంది. లేనిది కాలిపోతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినప్పుడూ ఇదే కథ. రాత్రిపూట రొయ్యల చెరువులో ఏరియేటరు మోటారు కాలితే తెల్లారేసరికి ప్రాణవాయువు అందక రొయ్యలు తేలతాయి. మోటారులో మిగుల్చుకున్న రాగి ఖరీదు వందల్లో ఉంటే, చెరువులో పోయేది లక్షల్లో ఉంటుంది. మిగిలింది ఒకడికి, పోయింది ఇంకొకడికి.

అలాగని తయారీదారుడిని తిట్టి ఊరుకోవడం తేలిక. అతని పక్కన నిలబడి చూడండి. మంచి రాగి వేసినవాడి మోటారు ధర ఎక్కువ. రైతుకు రాగి కనబడదు, ధర కనబడుతుంది. పక్క షాపులో తక్కువకు వస్తుంటే అక్కడికే పోతాడు. కూలీలకు శనివారం జీతాలు ఇవ్వాలి, రాగి వర్తకుడికి బాకీ తీర్చాలి. మూడేళ్ల తర్వాత రైతుకు నిజం తెలిసి తన దగ్గరికి తిరిగి వచ్చేదాకా కంపెనీ బతికి ఉండాలి కదా! మంచి సరుకు చేసేవాడి అసలు కష్టం ఆ మూడేళ్లు దాటడంలోనే ఉంది.

మరాఠా దేశంలో కిర్లోస్కర్ కంపెనీ వ్యవస్థాపకుడు లక్ష్మణరావు గారికి కూడా ఇదే అనుభవం. ఆయన ఇనుప నాగలి తయారు చేస్తే, ఇనుము తగిలితే భూమి విషమవుతుందని రైతులు భయపడి కొనలేదు. సరుకులో లోపం లేదు, నమ్మకం లేదు. ఆ నాగళ్లు షెడ్డులోనే పడి ఉన్నాయి. వాటిని అమ్ముకునేదాకా ఓపిక పట్టడం వల్లనే ఆ కంపెనీ నిలబడి, తర్వాత రోజుల్లో మన ఊళ్లలో కూడా కిర్లోస్కర్ ఇంజను అంటే తెలియని రైతు లేడన్నంత పేరు తెచ్చుకుంది.

నాయుడు గారికి ఆ మూడేళ్లు దాటే బలం బస్సులు ఇచ్చాయి. రోజూ సాయంత్రానికి చేతికి వచ్చే టిక్కెట్ల డబ్బు వర్క్‌షాపులో కొత్త ప్రయత్నాలను పోషించింది. ఆయన గురించి రాసేవారు ఆయన బుర్రను పొగుడుతారు గాని ఈ బస్సుల డబ్బు సంగతి అంతగా పట్టించుకోరు. రేడియేటర్లు చేసే ఫ్యాక్టరీ, ఆర్మేచర్ వైండింగ్ వర్క్‌షాపు, రేడియోల పరిశ్రమ, ఇలా ఒకదాని పక్కన ఒకటి లేచాయి. అన్నీ బస్సు బాగుచేసే షెడ్డు చుట్టూ పుట్టినవే.

1930లలో ఆయన యూరప్ వెళ్లారు. జర్మనీలో యంత్రాలు చూశారు. రసాంత్ అనే పేరుతో ఒక ఎలక్ట్రిక్ గడ్డం మిషను తయారు చేయించారు. డ్రై సెల్స్‌తో నడిచే చిన్న మోటారు దానిలో ఉంటుంది, ఆ మోటారు హీల్‌బ్రాన్ అనే జర్మనీ పట్టణంలో తయారైంది. బడి మానేసిన పల్లెటూరి మనిషి చేసిన మిషనుతో తెల్లవాళ్లు గడ్డం గీసుకున్నారు. 1936లో లండన్‌లో అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను సొంత కెమెరాతో చిత్రీకరించుకుని వచ్చారు కూడా. కెమెరా ఆయనకు ఇంకో పిచ్చి. దాని కోసం దూరం సరిచేసే సాధనం ఒకటి కనిపెట్టారు. పళ్ల రసం తీసే మిషను, కిరసనాయిలుతో నడిచే ఫ్యాను, దొంగ ఓటు వేయడానికి వీలులేని ఓటింగు యంత్రం, పల్చటి బ్లేడ్లు, ఇలా ఆ జాబితా పెద్దది. అన్నీ రాస్తే సంచికలో ఇంక ఎవరి వ్యాసానికీ చోటుండదు.

వీటిలో బజారులో నిలబడి ఇంటింటికీ వెళ్లినవి ఎన్ని? చాలా తక్కువ. ఇది దాచిపెట్టవలసిన విషయం కాదు. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని ఆయన ప్రకటించారు. అప్పట్లో రేడియో అంటే జమీందారు ఇంట్లోనో డాక్టరు గారింట్లోనో ఉండే వస్తువు. 70 రూపాయలకు వస్తే స్కూలు మాస్టారు కూడా కొనుక్కోగలడు. కానీ వాల్వులు మన దేశంలో తయారు కావు, ఓడల్లో రావాలి. సముద్రం మీద యుద్ధం నడుస్తోంది. పెద్ద సంఖ్యలో చేస్తే తప్ప ధర దిగదు, ధర దిగితే తప్ప పెద్ద సంఖ్యలో అమ్ముడుపోవు.

అన్నిటికన్నా ఎక్కువగా చెప్పుకునేది కారు సంగతి. 1952లో ఆయన ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారు చేశారు. ధర 2000 రూపాయలు. మిగతా కార్ల ధర దానికి ఎన్నో రెట్లు. అయితే 1951లో పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం వచ్చింది. ఏ వస్తువు ఎవరు ఎంత తయారు చేయాలో ఢిల్లీ నిర్ణయిస్తుంది. లైసెన్సు లేనిదే ఫ్యాక్టరీ లేదు. నాయుడు గారికి లైసెన్సు రాలేదు. కారు ఆగిపోయింది.

ప్రభుత్వం అడ్డుపడకపోతే ప్రతి తెలుగువాడి ఇంటి ముందు, తమిళుడి ఇంటి ముందు 2000 రూపాయల కారు ఉండేదని అక్కడివారు అభిమానంతో అంటారు. మాకు అంత నమ్మకం లేదు. లైసెన్సు ఇవ్వకపోవడం అన్యాయమే. దానిలో సందేహం లేదు. కానీ ఒక కారు చేయడం వేరు, లక్ష కార్లు చేసి వాటికి ప్రతి ఊళ్లో విడిభాగాలు దొరికేలా చూడడం వేరు. లైసెన్సు, డబ్బు, పేరు మూడూ ఉన్న టాటా వారు 2008లో లక్ష రూపాయల నానో కారు చూపించారు. దేశమంతా చప్పట్లు కొట్టింది. కొన్నవారు మాత్రం తక్కువ. 2018 నాటికి దాని తయారీ ఆగిపోయింది. చవక కారు అనే పేరే దానికి శత్రువైంది. 2000 రూపాయల కారు ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. పరీక్షకు కూర్చోనివ్వని విద్యార్థికి ఎన్ని మార్కులు వచ్చేవో చెప్పలేనట్లే. కూర్చోనివ్వకపోవడమే ఇక్కడ తప్పు.

చవక, మన్నిక మధ్య ఈ పెనుగులాట మనకు మాత్రమే ఉందనుకోకూడదు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో స్నాపర్ అని ఒక కంపెనీ ఉంది. ఇళ్ల ముందు పచ్చిక కోసే యంత్రాలు చేసేది. దాని సరుకు ఖరీదైనది, ఏళ్ల తరబడి మన్నేది. వాల్‌మార్ట్ అనే పెద్ద దుకాణాల సంస్థ ద్వారా చాలా సరుకు అమ్ముడుపోయేది. అయితే ఆ దుకాణాల్లో ఏటేటా ధర దించాలి. దించాలంటే యంత్రంలో ఏదో ఒకటి తగ్గించాలి. పైగా పాడైతే బాగుచేసే మెకానిక్ అక్కడ ఉండడు. 2002లో స్నాపర్ వారు మీకు మా యంత్రాలు అమ్మం అని ఆ సంస్థకు చెప్పి బయటికి వచ్చేశారు. బాగుచేసే చిన్న డీలర్లనే నమ్ముకున్నారు. ఎంతో ధైర్యమైన పని అని అందరూ మెచ్చుకున్నారు. 2004లో ఆ కంపెనీని ఇంజన్లు తయారు చేసే బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కొనేసింది. 2014లో జార్జియా ఫ్యాక్టరీ మూతపడింది. 2020లో బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కూడా దివాలా పిటిషను పెట్టి కొత్త యజమానుల చేతిలోకి పోయింది. నాణ్యత కోసం నిలబడినవాడు గెలిచాడని చెప్పడానికి లేదు, నిలబడడం తప్పని చెప్పడానికీ లేదు.

తిరిగి నాయుడు గారి దగ్గరికి. ఆయన చేసిన వస్తువుల్లో చాలా వరకు ఆగిపోయాయి గాని ఆయన దగ్గర పని నేర్చుకున్న చేతులు ఆగలేదు. మంచి యంత్రం కావాలంటే మంచి రేకు, మంచి రాగి ఉంటే చాలదు, గాడిలో తీగ సరిగ్గా కూర్చోబెట్టే మనిషి కావాలి. 1945లో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరుతో కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల మొదలయ్యాయి. వాటి వెనుక ఉన్నది నాయుడు గారే. బడి మానేసిన మనిషి ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలుగా కూర్చున్నారు! కానీ ఎక్కువకాలం కూర్చోలేదు. నాలుగేళ్ల కోర్సు దండగ, చేత్తో పని నేర్పితే రెండేళ్లు చాలని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా ఇచ్చి వెళ్లిపోయారు. ఆ కళాశాలే తర్వాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది.

ఈ వాదన మీద మా సంపాదక వర్గంలోనే రెండు అభిప్రాయాలు వచ్చాయి. ఐటీఐ చదివిన అన్నలు నాయుడు గారి పక్షం. రెండేళ్లలో నేర్చుకున్న పనితోనే వాళ్లు బతుకుతున్నారు. ఇంజనీరింగు చదువుతున్న ఒక అన్న మాత్రం ఒప్పుకోలేదు. ఆయన దృష్టిలో కాలిన మోటారును చుట్టడం రెండేళ్లలో వస్తుంది గాని, అది ఎందుకు కాలిందో లెక్కగట్టి కొత్త మోటారు గీయాలంటే లెక్కలు, భౌతికశాస్త్రం కావాలి. పైగా డిగ్రీ కాగితం లేకుండా ఆఫీసులో కుర్చీ ఇస్తారా? సొంత షెడ్డు ఉన్న నాయుడు గారు కాగితం అక్కర్లేదనవచ్చు, షెడ్డు లేని మనకు ఆ కాగితమే ఆధారం. ఈ రెండో మాటలో బలం ఉందని మాలో ఎక్కువమంది అనుకున్నాం.

స్వతంత్రం వచ్చాక కూడా నాయుడు గారికి ప్రభుత్వంతో పొసగలేదు. పన్నుల మీద, లైసెన్సుల మీద తగాదాలు పడుతూనే ఉన్నారు. ఒకసారి ఉదయం 6 గంటలకు పునాది వేసి సాయంత్రం 5 గంటలకు గృహప్రవేశం చేసేలా ఇల్లు కట్టి చూపించారు. ఇళ్ల కరువు తీర్చడానికి దారి ఉందని చెప్పడం ఆయన ఉద్దేశం. పొలంలో పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మీద ప్రయోగాలు చేశారు. సర్ సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటివారు వెళ్లి ఆయన తోట చూసి వచ్చారు. చివరి సంవత్సరాల్లో సంపాదన చాలావరకు ట్రస్టుకు, విద్యార్థుల శిక్షణకు మళ్లించారు. 1974 జనవరి 4న, 80 ఏళ్లు దాటిన వయసులో కన్నుమూశారు.

ఆయన పోయాక కోయంబత్తూరు ఆగలేదు. పంపులు, మోటార్లు, ఇడ్లీ పిండి రుబ్బే వెట్ గ్రైండర్లు అంటే దేశంలో ముందు గుర్తొచ్చే ఊరు అదే. అక్కడి వెట్ గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ మోటార్లలో మంచివీ ఉన్నాయి, నాసివీ ఉన్నాయి. మన అన్నల షాపులకు రెండు రకాలూ వస్తాయి. విప్పి చూసినప్పుడు తీగ మందం, రేకు, వార్నిష్ చూసి ఇది ఎలాంటి చేతి నుంచి వచ్చిందో చెప్పేస్తారు. మళ్లీ చుట్టేటప్పుడు ఇదే ప్రశ్న వాళ్ల ముందుకూ వస్తుంది. పాత తీగ మందమే వేయాలా, ఒక నంబరు సన్నం వేసి రైతు అడిగిన ధరకు ఇవ్వాలా? మాకు తెలిసిన ఒక అన్న ఇద్దరికీ ధర వేరువేరుగా చెప్పి, ఏ తీగకు ఎంతో రైతు ముందే బిల్లు పుస్తకంలో రాసిస్తాడు. కొందరు రైతులు ఆ బిల్లు చూసి పక్క షాపుకు వెళ్లిపోతారు. కొందరు మరుసటి వేసవికి తిరిగి వస్తారు.

కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద నాయుడు గారి మ్యూజియం ఉంది. రసాంత్ మిషను, రేడియోలు, ఇంకా ఆయన చేసిన, సేకరించిన యంత్రాలు అక్కడ చూడవచ్చు. 2015 నుంచి దాని పక్కనే పాత కార్ల మ్యూజియం కూడా నడుస్తోంది. 2025 అక్టోబరులో అదే రోడ్డు మీద 10 కిలోమీటర్ల పొడవైన ఫ్లైఓవరు ప్రారంభించి దానికి జి.డి. నాయుడు గారి పేరు పెట్టారు. వీధుల పేర్లలోంచి కులం పేర్లు తీసేయాలని తమిళనాడు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది కూడా ఆ రోజుల్లోనే. నాయుడు అనే మాట ఉంచాలా తీయాలా అని అక్కడ పెద్ద చర్చే జరిగింది. తీసేస్తే ఆయన ఎవరో ఎవరికీ తెలియదని కొందరు, ఉంచితే ఉత్తర్వుకు అర్థమేమిటని కొందరు. ఫ్లైఓవరు మాత్రం ఆ పేరుతోనే ఉంది. దాని కింద పీలమేడు దగ్గర హోప్స్ కాలేజీ అనే బస్టాపు ఉంది. ఆ కళాశాల అక్కడి నుంచి తరలిపోయి ఎన్నో ఏళ్లయినా, బస్సుల్లో ఆ స్టాపు పేరు ఇప్పటికీ అదే.